మొక్క మీద హత్యాయత్నం

"నా కంటికి చిక్కని నేరస్తుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!" అన్నాడు మా బావ, గడియారాలు రిపేరు చేసే భూతద్దం కంటికి బిగించుకుని. అంటూనే గడప తట్టుకుని పడబోయాడు.

కేసేమిటంటే, ఎండలకు తాళలేక వీధివాళ్లంతా కలిసి ఇంటికో మొక్క నాటారు. మిగతావన్నీ నవనవలాడుతున్నాయి. మా అక్క కుట్టుమిషను ఎదురుగా ఉన్నది మాత్రం పసుపెక్కి తల వేలాడేసింది. మధ్యాహ్నమైతే ఎండ నేరుగా వచ్చి అక్క ఒళ్లో కూర్చుంటుంది. ఆ మొక్క ఇచ్చే నీడ మీదే ఆవిడ ఆశంతా. అది చస్తే ఇంకోటి ఇచ్చేది లేదని మొక్కలు పంచినాయన ముందే తేల్చేశాడు.

"విషప్రయోగం!" అన్నాడు బావ గొంతు తగ్గించి. "శత్రువు మన మధ్యే ఉన్నాడు."

"మొక్కకు విషమెవరు పెడతారు బావా?"

"నువ్వు నోర్మూసుకుని నాకు కొమ్మలు కట్టు."

తెల్లారేసరికి బావ మొక్క పక్కన పొదయిపోయాడు. నేను కిటికీ వెనక కాపలా.

ముందు పాలాయన వచ్చాడు. అటూ ఇటూ చూసి, "నిన్ను పట్టించుకునే దిక్కే లేదా తల్లీ!" అంటూ క్యాను వంచాడు. పాలాయన దగ్గర నీళ్లకేం కొదవ! సగం మొక్కకు, సగం బావ నెత్తికి.

"నమూనా దొరికింది!" అని పెదవులు చప్పరించింది పొద.

తర్వాత టీచరమ్మ బకెట్టు. ఆవిడ అటు వెళ్లిందో లేదో, ఇస్త్రీ తాతయ్య బిందె. అక్క చేత బట్టలు కుట్టించుకోనివాళ్లు ఆ వీధిలో లేరు మరి. అందరికీ ప్రేమే. ఒకరు పోస్తున్నట్టు ఇంకొకరికి తెలీదు.

"బావా, చాలు, లేచి రా!"

"హంతకుడు వచ్చేదాకా కదల్ను. హా... హాచ్!"

పొద తుమ్మేసరికి, అప్పుడే చెంబుతో వచ్చిన మా అక్క కెవ్వుమంది. చెంబు బావ నడినెత్తిన పడింది. బావ పారిపోబోయి బురదలో జారి, పాదు గట్టు మీద దబ్బున కూలబడ్డాడు. గట్టు తెగింది. నిలవున్న నీళ్లన్నీ బుడబుడమంటూ కాలవలోకి పోయాయి.

కేకలకు అందరూ పరిగెత్తుకొచ్చారు.

"రోజూ నేను పోస్తూనే ఉన్నానే, ఇన్ని నీళ్లెక్కడివి?" అంది టీచరమ్మ.

"నువ్వెందుకమ్మా, నేను పోస్తున్నాగా!" అన్నాడు తాతయ్య.

"సాయంత్రం పూట నేనూ..." అని నసిగాను.

అక్క మొక్క మొదట్లో వేలు గుచ్చి చూసింది. "మీ ప్రేమ తగలెయ్య! ముంచి చంపుతున్నాం కదర్రా దీన్ని! ఇకమీదట నేను తప్ప ఎవరూ చుక్క పోయొద్దు." బావ వైపు తిరిగింది. "మరి తమరో?"

"హంతకుణ్ణి ఆకర్షించడానికి... పొద్దుపోయాక... రెండంటే రెండే బకెట్లు."

కొన్నాళ్లకు మొక్క చిగురు వేసింది. కేసు ఛేదించానని బావ వీధంతా చాటాడు.

"మీరు ఛేదించింది గట్టుని," అంది అక్క, చిగురు వంక చూసి నవ్వుకుంటూ.

ఆ సాయంత్రం టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "డిటెక్టివ్ గారూ, మా మొక్క కూడా కాస్త డీలాగా ఉంది. మీరొకసారి వచ్చి పడి వెళ్తారా?"

బావ భూతద్దం బిగించాడు. "పదండి!" అని హుందాగా లేచి, గడప తట్టుకుని బోర్లా పడ్డాడు.

"అయ్యో, ఇక్కడ కాదండీ," అంది టీచరమ్మ, "మా ఇంటి దగ్గర!"