కుర్చీ జరపడానికి నాలుగు రోజులు

ఫీడ్‌బ్యాక్ ఫారాన్ని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. టీ తాగితే ఎన్ని స్టార్లు, క్షవరం చేయించుకుంటే ఎన్ని స్టార్లు అని ఫోన్ ప్రేమగా అడుగుతుంటే వీళ్ళకు విసుగట! మీ పెద్దమ్మ కొడుకు ఎప్పుడైనా అడిగాడా, మా ఇంట్లో మీ బస ఎలా ఉందని? మీ తోడల్లుడు అడిగాడా? అడగరు. అడిగేది ఫారం ఒక్కటే.

ఇది గాలి కబురు కాదు. ముప్పై రెండేళ్ళు ఒక పెద్ద ఆఫీసులో ఫిర్యాదుల సెక్షన్‌లో పనిచేసిన మనిషిని. వచ్చిన ప్రతి కాగితం మీదా 'అందినది' అని ముద్ర కొట్టడం నా పని. ఒక్కటంటే ఒక్క కాగితం ముద్ర లేకుండా నా బల్ల దాటలేదు. రిటైరయ్యాక కూడా రెండు మూడు నెలలపాటు ఇంటికొచ్చిన పెళ్ళి శుభలేఖల మీద చెయ్యి దానంతటదే ముద్ర కొట్టబోయేది.

అలాంటి నేను ఈమధ్య భార్యాసమేతంగా నాలుగు రోజులు పడవ ప్రయాణం చేసి, ఫారం మహిమ కళ్ళారా చూసి వచ్చాను.

మా పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది. మా ఆవిడ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. ఈసారి మాత్రం అడిగింది. "నాలుగు రోజులు మీ పక్కన కూర్చుని నీళ్ళు చూడాలండీ. అంతే." ఇంత చిన్న కోరిక తీర్చకపోతే నేనేం మొగుణ్ణి? తీరం వెంబడి కాలువల్లో, ఉప్పుటేళ్ళలో, పాత రేవులు చూపిస్తూ తీరిగ్గా సాగే చిన్న పడవ బుక్ చేశాను. ప్రయాణికులం మేమిద్దరమే. నడిపే సరంగు ఒక పెద్దాయన. మాట తక్కువ, మీసం ఎక్కువ.

ఎక్కాక చూస్తే పడవలో రెండే కుర్చీలు. ఒకటి ముందు కొసన, ముందుకు చూస్తూ. ఇంకొకటి వెనక కొసన, వెనక్కి చూస్తూ. రెండూ బోల్టులతో బిగించి ఉన్నాయి. మధ్యలో గది. ఆ గదిలో కూర్చోవచ్చుగా అంటారేమో, అక్కణ్ణుంచి కనిపించేది లైఫ్ జాకెట్ల అలమర ఒక్కటే. పోనీ చెక్కల మీద చతికిలబడదామంటే మా మోకాళ్ళు నాలుగూ ఏకగ్రీవంగా వ్యతిరేకించాయి. గది గోడ మీద బోర్డు మాత్రం స్పష్టంగా ఉంది: 'కుర్చీలు జరపరాదు. ఇబ్బంది ఉంటే ఫారం నింపండి.'

"ఆయన్ని ఒక మాట అడిగితే పోలా?" అంది మా ఆవిడ, సరంగు వైపు చూస్తూ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పద్ధతనేది ఒకటి ఏడ్చిందా లేదా! నోటిమాట మీద ముద్ర ఎక్కడ కొడతారే?" అన్నాను. ఆవిడ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుంది. నేను ముందు కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఫారం తెరిచాను.

ఎంత అద్భుతమైన ఫారమండీ! గాలికి ఎన్ని స్టార్లు? అలలు మీ అంచనాలను అందుకున్నాయా? ఈ సూర్యాస్తమయాన్ని మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా? సముద్రంలో ఏవైనా మార్పులు కోరుకుంటున్నారా? 'ఉప్పు కాస్త తగ్గించగలరు' అని రాశాను. చిట్టచివరి గడిలో కుర్చీ సంగతి వివరంగా విన్నవించాను. క్షణంలో జవాబు వచ్చింది: 'మీ అభిప్రాయం మాకు అమూల్యం.' చూశారా? ముప్పై ఏళ్ళ సంసారంలో నా అభిప్రాయాన్ని అమూల్యమన్నవాళ్ళు లేరు!

మొదటి రేవులో పాత కోట గోడ, తుప్పు పట్టిన ఫిరంగులు ఉన్నాయట. నేను ఫారంలో ఉన్నాను. రెండో రేవులో ఎప్పటివో గిడ్డంగులు, వాటి గుమ్మాల్లో పిల్లులు ఉన్నాయని మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. అవును, ఫోనే. ఒకే పడవలో ఈ కొస నుంచి ఆ కొసకు. "హలో" అంది. "ఎవరు కావాలి?" అన్నాను అలవాటుగా.

ఈ ఏర్పాటులోని సౌఖ్యం మీకు తెలియదు. లైట్‌హౌస్ నాకు ముందు కనిపించేది, పడవ దాటాక ఆవిడకు కనిపించేది. "చూశావా?" అంటే "ఇంకా రాలేదండీ" అనేది. ఆవిడ "అబ్బ, ఎంత బాగుందో!" అనేసరికి నేను మరచిపోయి ఉండేవాణ్ణి. ఒకే లైట్‌హౌస్‌ను రెండుసార్లు అనుభవించే దంపతులు లోకంలో ఇంకెవరైనా ఉన్నారా? పైగా గొడవలు లేవు. అలగాలంటే ఎదురుగా మనిషుండాలి కదా!

మూడో రోజు ఫారం తనంతట తానే పలకరించింది: 'మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. పరిష్కారం ఎలా ఉంది?' అంత మర్యాదగా అడిగితే లేదనడానికి మొహమాటమేసింది. అయిదు స్టార్లిచ్చాను.

ఆ సాయంత్రం ఆవిడ ఫోన్ చేయలేదు. నేనే చేశాను. "ఏం చూస్తున్నావ్?" అన్నాను. "మనం దాటేసినవన్నీ" అంది. గొంతు అదోలా ఉంది. గాలి వల్ల అనుకున్నాను.

నాలుగో రోజు, ఇంకో అరగంటలో ఆఖరి రేవు అనగా, పద్నాలుగో ఫారంలో ఉండగా వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది. ఫోన్‌లో కాదు.

"అన్నయ్యగారూ, ఈ కుర్చీ కాస్త ఆయన పక్కకు జరుపుతారా?"

"దానికేముందమ్మా!" అన్నాడు సరంగు. పడవ ఆపి, జేబులోంచి పానా తీశాడు. నాలుగు నట్లు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కుర్చీ తెచ్చి నా పక్కన వేశాడు.

"మొదటి రోజే చెప్పొచ్చుగా అమ్మా! మీ ఇద్దరికీ మాటల్లేవేమో, మధ్యలో మనమెందుకని ఊరుకున్నా."

"మరి ఆ బోర్డు?" అన్నాను నీరసంగా.

"అదా? గోడకు చిల్లుంటే అడ్డం పెట్టామండీ."

మా ఆవిడ కూర్చుంది. కాసేపు నీళ్ళు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మీ ఆఫీసులోనూ ఇంతేనా? ముద్ర కొట్టాక ఆ కాగితాలు ఎవరు చదివేవాళ్ళు?"

"చదవడం వేరే సెక్షన్" అన్నాను ఠక్కున.

"ఆ సెక్షన్ ఎక్కడుండేది?"

ముప్పై రెండేళ్ళలో అది ఏ అంతస్తులో ఉందో చూసిన గుర్తు లేదు. కొళాయి రావడం లేదని, వీధి దీపం వెలగడం లేదని, ఎవరెవరో చేతిరాతతో రాసుకొచ్చి నా బల్ల ముందు నిలబడేవాళ్ళు. వాళ్ళకు కూర్చోమని కుర్చీ కూడా చూపించలేదు. ముద్ర కొట్టి పంపించాను. సిగ్గేసింది.

ఆఖరి రేవు దగ్గర పడవ ఆగింది. ఫోన్ మోగింది: 'మీ ప్రయాణం ఎలా ఉంది?' సరంగుకు అయిదు స్టార్లిద్దామని ఫారమంతా వెతికాను. సూర్యుడికి గడి ఉంది, అలలకు ఉంది, ఆయనకు లేదు. మా ఆవిడ ఫోన్ తీసుకుని ఒడిలో పెట్టుకుంది. "నన్నడగండి" అంది. అడిగాను. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరినా ఇంకా పూర్తి కాలేదు.

అయినా సరే, ఫీడ్‌బ్యాక్ ఫారం గొప్పదనే నా వాదన. ఈ వ్యాసం మీకెలా ఉందో మాత్రం దయచేసి ఫారంలో రాయకండి. మా ఇంటికొచ్చి నా మొహం మీదే చెప్పండి. కుర్చీ వేస్తాను.