ఇప్పచెట్టు దాకా వరస

ఒక పెద్ద అడవిలో లోపల అనేదే లేదు. ఎటు చూసినా బయటే. పుట్టడం బయట, తినడం బయట, మొగుడూ పెళ్లాలు పదిమందీ వినేలా తగువులాడుకోవడమూ బయటే. అలాంటి అడవికి ఒక సమితి ఉండేది. సమితి అన్నాక ఊరుకోదు కదా.

సమితి అధ్యక్షుడు భీమప్ప అనే అడవిదున్న. ఒళ్లు కొండంత, మాట గంటకొకటి. కార్యదర్శి తెల్లయ్య అనే కొంగ. ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి తల వంచుకుని ఉండేవాడు. ఆ వినయం చూసి చేపలే మోసపోయేవి, ఇక దున్న ఎంత!

ఎండలు ముదురుతున్న రోజుల్లో తెల్లయ్య అడవి అంచుకి వెళ్లి మనుషుల్ని చూసొచ్చాడు.

"అయ్యా, ఆదివారం వస్తే మనుషులు పెళ్లాం పిల్లలతో, స్నేహితులతో జీపుల్లో దిగుతున్నారు. చెట్టు కనిపిస్తే కేక, పిట్ట కనిపిస్తే కేక. వాగులో కాలు పెట్టి అరగంట కేకలు. మనవాళ్లు ఆ వాగు ఒడ్డునే పుట్టి పెరిగారు. ఒక్కరోజైనా కేక వేశారా?"

భీమప్ప నెమరు ఆపాడు. "ఎందుకు వెయ్యట్లేదు?"

"మనుషులు ఆరు రోజులు లోపలుంటారయ్యా. అందుకే ఏడో రోజు అంత సంబరం. మనవాళ్లు లోపలుండరు. బయట విలువ వీళ్లకేం తెలుస్తుంది?"

భీమప్పకి కళ్లు చెమర్చాయి. ప్రజలు ఆనందంగా ఉన్నామనుకుని ఇన్నాళ్లూ మోసపోయారే అని.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా ప్రతి జంతువూ గుహలోనో బొరియలోనో తొర్రలోనో ఉండాలి. ఉన్నవాళ్లకి దున్న గిట్టతో ముద్ర వేసిన ఆకు ఇస్తారు. దాని పేరు లోపలాకు. అది ఉన్నవాళ్లే ఆదివారం కుటుంబ సమేతంగా బయటికొచ్చి కేకలు వెయ్యాలి. లేనివాళ్లు ఆదివారం పొద్దున్నే కొండ మీద సమితి గుహ ముందు వరసలో నిలబడి, సంజాయిషీ చెప్పుకుని, పొద్దు గూకేదాకా ఆ గుహలోనే కూర్చోవాలి.

"మరి తిండి?" అంది తురాయమ్మ అనే అడవికోడి.

"తిండికి వేరే ఉపసమితి వేస్తాం," అన్నాడు తెల్లయ్య.

ఈ ఉత్తర్వు విని గోళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది గుబురమ్మ. గుబురమ్మ ఎలుగుబంటి. గుండు, బొంత అని ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఎప్పుడూ వీపు మీదే. ఏడాదికి ఒక్కసారి, ఇప్పపూలు రాలే రోజుల్లో, కొండ అవతల నుంచి వాళ్ల అన్న భార్య దుబ్బమ్మ పిల్లల్ని వేసుకుని వస్తుంది. అందరూ వాగు అవతల ఇప్పచెట్ల కింద చేరి, తిని, దొర్లి, మళ్లీ తిని, నవ్వలేక నవ్వలేక ఏడుస్తారు. ఈసారి దుబ్బమ్మ కబురు పెట్టింది: ఆదివారం ఒక్కరోజే వస్తాం, సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాం. పూలు కూడా అంతే, ఆ ఆదివారం దాకా రాలితే గొప్ప.

"అమ్మా, దుబ్బత్త వస్తుందిగా?" అంది బొంత.

"వస్తుందే. మనమూ వెళ్తాం. నోరు మూసుకుని గుహలో కూర్చోండి."

సోమవారం కూర్చున్నారు. మంగళవారం కూర్చున్నారు. బుధవారం పిల్లలు ఒకరి చెవి ఒకరు కొరుక్కుని ఏడుస్తుంటే, గుబురమ్మ చీకట్లోనే బయటికొచ్చి చెదపుట్టలో ముక్కు పెట్టింది. ఆ పీల్చుడు రెండు కొండలకి వినిపించింది.

"దొరికావ్!" అన్నారు పైనుంచి. తోకరాజు అనే కొండముచ్చు. చిటారు కొమ్మన కూర్చుని ఎవరు బయటికొస్తున్నారో చూడటం వాడి ఉద్యోగం. చిటారు కొమ్మ కూడా లోపలే అని వాడి కోసం సమితి ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

"ముక్కు పుట్ట లోపలే ఉంది కదయ్యా," అంది గుబురమ్మ.

"మిగతా నువ్వో?"

మిగతా గుబురమ్మ చాలానే ఉంది. పేరు రాసుకున్నాడు.

ఆ వారం తోకరాజు రాసుకోని పేరు లేదు. కడుపున్న ప్రతివాళ్లూ దొరికారు.

ఆదివారం తూరుపు తెల్లవారకముందే గుబురమ్మ పిల్లల్ని వీపున వేసుకుని కొండెక్కింది. తొందరగా సంజాయిషీ చెప్పుకుని, కాళ్లు పట్టుకునైనా బయటపడి ఇప్పచెట్ల దగ్గరికి పరిగెత్తాలని ఆమె ఎత్తు. తీరా చూస్తే ముందొకడున్నాడు. తాబేలు డిప్పయ్య. శనివారం పొద్దున్నే బయల్దేరాట్ట. ఆమె వెనక ముళ్లపంది సూదయ్య, అతని వెనక ఎవరూ దగ్గరగా నిలబడలేదు గానీ వరస మాత్రం పెరుగుతూనే ఉంది.

గుహ వాకిట్లో తెల్లయ్య మొదలుపెట్టాడు.

"డిప్పయ్యా, బయట ఎందుకున్నావు?"

"నేను బయట ఎక్కడున్నాను? పుట్టినప్పటి నుంచీ లోపలే ఉన్నాను," అన్నాడు డిప్పయ్య, డిప్ప లోంచి.

"శనివారం నడిచొచ్చావుగా?"

"నడిచింది కాళ్లు. నేను లోపలే ఉన్నాను."

తెల్లయ్య కాలు మార్చి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరాక అతను కాలు మార్చడం అదే మొదటిసారి. లోపలికెళ్లి అధ్యక్షుణ్ణి అడిగొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఎండ పైకొచ్చింది. గుహలోంచి భీమప్ప గొంతు, "తల మాటేమిటి? తల లోపలా, బయటా?"

గుబురమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ లెక్కన తన వంతు వచ్చేసరికి పూలు కాదు, చెట్లే రాలిపోతాయి.

అప్పుడే తురాయమ్మ రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి వాలింది. "గుబురమ్మక్కా! వరస ఎంత పొడుగయిందో తెలుసా? కొండ దిగింది, వాగు దాటింది. చివర ఎక్కడుందో చెప్పనా? ఇప్పచెట్ల కింద! మీ దుబ్బమ్మ వదిన పిల్లలతో అక్కడే ఉంది. నువ్వు రాలేదని ఒకటే తిట్లు."

గుబురమ్మ వెనక్కి చూసింది. ముందుకి చూసింది. ముందు డిప్పయ్య డిప్ప. మళ్లీ వెనక్కి తిరిగింది.

"సూదయ్య తమ్ముడూ, నీకేవో పనులుంటాయి. నువ్వు ముందుకి రా. నేను చివరికెళ్లి నిలబడతాను."

"ఆగు!" అంటూ తోకరాజు కొమ్మ దిగాడు. "వరస తప్పితే నేరం."

"ముందుకి తోసుకుపోతే నేరమని రాసుంది. వెనక్కి పోతే నేరమని ఎక్కడుందో చూపించు, చూస్తా."

తోకరాజు నిబంధనలు రాసిన ఆకులన్నీ తిరగేశాడు. ముందుకి పోవడం గురించే నూట నాలుగు నిబంధనలున్నాయి. వెనక్కి పోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందని సమితికి తోచనే లేదు.

గుబురమ్మ వెనక్కి తిరిగి పరుగో పరుగు. వీపు మీద గుండు, బొంత కెవ్వున కేక. కొండ వాలులో కాలు జారి ముగ్గురూ బంతుల్లా దొర్లి, దబ్బున వాగులో పడి, వాగులోంచి లేచి, నీళ్లు విదిలించుకుంటూ ఇప్పచెట్ల కిందికి.

"వచ్చావుటే గుబురూ! నా పిల్లలు పీతల్ని కూడా అడిగారు అత్తేదీ అని!" అంటూ దుబ్బమ్మ ఆమె మీద పడి వాటేసుకుంది. నలుగురు పిల్లలూ కలిసి ఒక్క బొచ్చుముద్ద అయ్యారు. పైనుంచి పూలు టప టప టప.

వరస అంటే వరసే. గుబురమ్మ చట్ట ప్రకారం చివర నిలబడే తింది.

ఎలుగు తిన్నదంటే నలిగిన పూల వాసన వరస పొడుగునా పాకింది. చివరి నుంచి రెండోవాడు దుప్పి. ఒక్క క్షణం ఆలోచించి, "అమ్మా, మీరు పిల్లల తల్లి. నా ముందుకి దయచెయ్యండి," అన్నాడు.

"అబ్బే, మగవాళ్లకి బోలెడు పనులు. మీరే ఉండండి ముందు."

"పెద్దవాళ్లు మీరు!"

"ఎవర్రా పెద్దవాళ్లు?" అంది దుబ్బమ్మ నోటినిండా పూలతో.

ఇక చూడండి అడవిలో మర్యాద! పుట్టి బుద్ధెరిగాక ఒకరికొకరు దారివ్వని వాళ్లు, నువ్వు ముందంటే నువ్వు ముందని చోట్లు ధారపోశారు. చోటు వదలడం, వాలులో జారడం, వాగులో దూకడం, చివరికి చేరడం. చేరిన కాసేపటికి ఇంకొకడు వెనకొస్తే మళ్లీ ముందుకి పడిపోవడం, మళ్లీ పైకెళ్లి మళ్లీ జారి రావడం. కుందేళ్లు పందెం వేసుకున్నాయి. ముసలి కణుజు పదిహేనేళ్ల తరవాత పరిగెత్తి, తనకి కాళ్లున్నాయని అందరికీ చెప్పుకుంది. సూదయ్య వాలులో దొర్లుతుంటే ముళ్లకి ఇప్పపూలు గుచ్చుకుని నడిచే పూలచెండయ్యాడు, పిల్లలందరూ వెంటపడి ఏరుకు తిన్నారు. పూల మత్తు తలకెక్కిన తోకరాజు తోకతో కొమ్మకి వేలాడి, "వరస! వరస!" అని పాట కట్టాడు.

కేకలా అవి! కొండలు మారుమోగాయి.

ఎండ వాలాక గుహలో భీమప్పకి అనుమానం వచ్చింది. పొద్దుటి నుంచీ డిప్పయ్య తప్ప ఇంకొకరు లోపలికి రాలేదు. బయటికొచ్చి చూస్తే వాకిట్లో తెల్లయ్య తప్ప ఎవరూ లేరు. గాలి ఇటు తిరిగింది. ఆ వాసనకి అధ్యక్షుడి ముక్కుపుటాలు అదిరాయి. కొండ దిగి, వాగు దాటి, ఇప్పచెట్ల దాకా వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఈ... వరస చివర ఎక్కడ?"

అందరూ నమలడం ఆపేశారు. కొండంత దున్న చివర నిలబడితే మిగిలిన పూలన్నీ ఒక్క బుక్క. గుబురమ్మ పిల్లల మొహాలు చూసింది, వదిన మొహం చూసింది. రెండు చేతులూ జోడించింది.

"అయ్యయ్యో! అధ్యక్షులవారిని చివర నిలబెడతామా! మేమంత మర్యాద తెలియని వాళ్లమా! నా ముందుకి దయచెయ్యండి."

దుప్పికి వెలిగింది. "నా ముందుకి దయచెయ్యండి!"

"నా ముందుకి!" "నా ముందుకి!"

వద్దని ఎలా అంటాడు? జన్మలో ఎవరైనా ముందుకి రమ్మంటే వద్దన్నవాడు కాదు. దండాల మీద దండాలు, ఒకరి ముందు నుంచి ఒకరి ముందుకి, వాగు దాటి, కొండెక్కి, గుహ వాకిట్లో తేలాడు.

అక్కడ తెల్లయ్య తలొంచుకుని నిలబడి ఉన్నాడు. "బయట ఎందుకున్నారయ్యా? లోపలాకు ఉందా?"

"ఒరేయ్, ముద్ర వేసేది నేనేరా!"

"ఎవరి ఆకు మీద వాళ్లు ముద్ర వేసుకోకూడదని మీరే రాయించారయ్యా. ముద్రకి ఇంకో దున్న గిట్ట లేదు. పొద్దు గూకేదాకా లోపల కూర్చోండి. డిప్పయ్య కూడా ఉన్నాడు, కాలక్షేపం."

చీకటి పడేముందు తెల్లయ్య నివేదిక రాశాడు: కార్యక్రమం దిగ్విజయం, కేకలు వాగు అవతలికి కూడా వినిపించాయి, ఇదంతా అధ్యక్షులు ముందు వరసలో నిలబడ్డందువల్లే.

మర్నాడు పొద్దున్నే కొండ దాటుతూ దుబ్బమ్మ వెనక్కి తిరిగి అరిచింది. "గుబురూ! వచ్చే ఏడు దాకా ఆ సమితిని అలాగే ఉంచండే! ఇంత బాగా ఎప్పుడూ నవ్వలేదు!"

నీతి: పెద్దవాళ్లని ఎప్పుడూ ముందే నిలబెట్టాలి, పూలు రాలేది వెనకే.