టేబుల్ మీదికి యేసుపాదం

ఆదివారం పొద్దున యేసుపాదం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి బచేలి ఇనుపగనుల కాలనీ క్లబ్బులో పోకర్ టోర్నమెంటుకు వెళ్ళాలి, గెలవాలి. గనిలో కన్వేయర్ బెల్టుల ఫోర్‌మన్ అయిన అతనికి ఇప్పటికి ఇరవై టోర్నమెంట్ల అనుభవముంది. ఈసారి ఉత్తచేతులతో వస్తే మళ్ళీ పేకముక్క ముట్టకూడదని భార్య పైడమ్మ షరతు పెట్టింది. తొందరపడి ఒప్పుకున్నాడు.

ఆమె సంతకు వెళ్ళగానే పెరట్లో నిలబడి, కోంటాలో కిరాణా కొట్టు నడిపే స్నేహితుడు అప్పయ్యకు ఫోను చేశాడు.

"రోజువారీ డబ్బులాటలో గంటకి నలభై మిగులుతున్నాది. నూట ఇరవై గంటలాడిన లెక్క. టోర్నమెంటుకి మూడొందలు కట్టాలి. ఇరవైసార్లు కడితే మూడుసార్లే ప్రైజొచ్చింది, మూడువేల రెండొందల చొప్పున. ఆటకి నాలుగ్గంటలేసుకుంటే గంటకి నలభై ఐదు."

"మరింకేంది, టోర్నమెంటే ఆడు," అన్నాడు అప్పయ్య.

"ఆ మూడిట్లో ఒకటి రాకపోయుంటే గంటకి ఐదు రూపాయలే. ఇరవై ఆటల్తో ఏం తెలుస్తాది?"

పక్క క్వార్టరు ఇంద్రాణి కరివేపాకు కోసుకోవడానికి గోడ అవతలికి వచ్చేసరికి డబ్బు ప్రస్తావన అయిపోయింది. ఆమె చెవిన పడింది చివరి ముక్క మాత్రమే.

"కొంచెం కొంచెంగా లాక్కొస్తే సుఖమే. టేబుల్ మీదికెళ్తే నూటికి ఎనభై ఐదుసార్లు పోవడమే. అయినా ఈరోజు పదకొండింటికి తేల్చేసుకుంటాను. పైడమ్మకి ఈ లెక్క చెప్పలేదు, బెంగెట్టుకుంటాది."

ఇంద్రాణికి తెలిసిన టేబుల్ ఆపరేషన్ టేబులొక్కటే. కరివేపాకు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది.

అరగంటలో హార్లిక్స్ సీసాతో వచ్చింది. "ధైర్యంగా ఉండండి అన్నయ్యగారూ. కాలనీ అంతా మీ వెనకే ఉంది."

తన ఆట మీద కాలనీకి ఇంత అభిమానముందని యేసుపాదానికి అంతవరకూ తెలియదు. సీసాను రెండు చేతులతో అందుకున్నాడు. "నలభై మంది వెళ్తే ఆరుగురికి దక్కుతుందమ్మా. మన చేతుల్లో ఏముంది?"

"ఇదివరకెప్పుడైనా వెళ్ళారా?"

"ఇరవైసార్లు. పదిహేడుసార్లు పోయాను."

జబ్బు మెదడుకు కూడా ఎక్కిందని ఇంద్రాణికి రూఢి అయిపోయింది. "ఏమీ తినకుండా వెళ్ళండి. ఖాళీ కడుపుతో ఉండాలి," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. బుర్ర చురుగ్గా పనిచేయడానికి చెప్పింది కాబోలనుకుని అతను ఉప్మా మూత కూడా తీయలేదు.

తర్వాత షిఫ్టు ఇన్‌ఛార్జి ఫోను చేసి రెండు వారాల సెలవిచ్చాడు. ఒక్కపూట చాలంటే, "అలాంటి మాటలొద్దు," అని గద్దించాడు. పదిన్నరకు అదే షిఫ్టులో పనిచేసే దేవా ముగ్గురు కుర్రాళ్ళతో జీపు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు.

"భయ్యా, నలుగురం వచ్చినం. ఎంత కావాలంటే అంత తీసుకో."

వాళ్ళు ఇవ్వజూపింది రక్తం. అతనికి తోచింది డబ్బు. "వద్దు దేవా, అంత అవసరం రాదు," అని వాణ్ణి కౌగిలించుకుని జీపెక్కాడు.

జీపు ఆసుపత్రి వైపు తిరిగింది. "ఇటెక్కడికి? క్లబ్బుకి పోనీ. నేనాడాలి," అన్నాడు యేసుపాదం. ఆఖరి కోరిక అనుకుని దేవా బండి తిప్పాడు.

కబురు అప్పటికే క్లబ్బుకు చేరింది. యేసుపాదం లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆట మొదలయ్యాక అతను నాలుగు పందెం బిళ్ళలు ముందుకు తోస్తే చాలు, ఎదుటివాళ్ళు ముక్కలు కింద పడేస్తున్నారు. పోయే మనిషిని ఓడించిన పాపం ఎవరికీ అక్కర్లేదు. రెండింటికల్లా ఇద్దరే మిగిలారు. యేసుపాదం, మూడేళ్ళుగా ఓటమెరుగని రామనాథం.

యేసుపాదం చేతిలో ఏడు, రెండు. అంతకన్నా చెత్త ముక్కలుండవు. తెగించి బిళ్ళలన్నీ ముందుకు తోశాడు. ఆకలికి అతని చేతులు వణుకుతున్నాయి. రామనాథం చేతిలో రెండు రాజులున్నాయి. ఆ వణుకును చూసి, తల దించుకుని రాజులను పడేశాడు. ఇంకో మూడు ఆటలకు రామనాథం బిళ్ళలు అయిపోయాయి.

చప్పట్లు మోగుతుండగా పైడమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. సంతలో ఎవరో చెబితే ముందు ఆసుపత్రికి వెళ్ళి, అన్ని వార్డులూ వెతికి వస్తోంది.

"ఏ టేబుల్ మీద పడుకోబెట్టారయ్యా నిన్ను?"

"పడుకోవడమేటి? పొద్దుట్నుంచి కూర్చునే ఉన్నాను. గెలిచాను పైడీ."

విషయం ముక్కముక్కగా బయటపడింది. పైడమ్మ వెనకే వచ్చిన ఇంద్రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామనాథం కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "జాలిపడి వదిలేసిన ఆట చెల్లదు. మళ్ళీ ఆడాల్సిందే."

పైడమ్మ అతని ముందుకు వెళ్ళి నిలబడింది. "మా ఆయన చావలేదని ప్రైజు ఎగ్గొడతారేటి బాబూ?"

క్లబ్బు కమిటీ వాళ్ళు గబగబా నోట్లు లెక్కపెట్టారు. ఐదువేల కవరు యేసుపాదం చేతిలో పడింది. దేవా కుర్రాళ్ళు అతన్ని భుజాల మీదికెత్తుకుని, మెయిన్ రోడ్డు పొడవునా ఊరేగించారు. పైడమ్మ చెప్పులు లేవన్న సంగతే మరిచి పక్కనే నడిచింది. "వచ్చే నెల కూడా వెళ్ళు," అంది మలుపు దగ్గర.

వచ్చే నెల టోర్నమెంటుకు రామనాథం తలకు పెద్ద కట్టు కట్టుకుని వచ్చాడు.