ఎవరి గొట్టం ఎవరి తుపాకీది

ఆదివారం నుంచి దుప్పుల వేట. శుక్రవారం పొద్దున పాన్‌కేకులు తయారయ్యేలోపు ఇరవై తూటాలు సిద్ధం చేసుకుని, సాయంత్రం వేటగాళ్ళ క్లబ్బు విందుకు తీరిగ్గా గడ్డం గీసుకుని వెళ్ళాలన్నది ఆర్విల్ స్టెన్‌గార్డ్ పథకం. అది మామూలు విందు కాదు. కిందటేడాది అతను కొట్టిన ఎల్క్ దుప్పి కొమ్ముల్ని, అతని పేరు చెక్కిన పలకతో సహా, ఆ సాయంత్రం క్లబ్బు హాల్లో పొయ్యి పైన ఎక్కిస్తున్నారు. మోంటానాలో మా మూలన బతికున్న మనిషికి అంతకు మించిన గౌరవం లేదు. ఆర్విల్ ఏడాదిగా ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నాడు.

కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని మావాళ్ళెవరూ పారెయ్యరు. పేలినప్పుడు అది ఆ తుపాకీ లోపలి కొలతకు ఉబ్బుతుంది. దాన్ని అచ్చులో పెట్టి నొక్కి, మళ్ళీ మందు పోసి, గుండు బిగించుకుంటారు. బుద్ధున్నవాళ్ళు గొట్టం మొత్తం నొక్కుతారు, ఏ గొడవా ఉండదు. ఆర్విల్ మాత్రం గుండు కూర్చునే సన్నటి మెడ దగ్గరే నొక్కుతాడు. గొట్టం ఒళ్ళు తన తుపాకీకి కొలిచి కుట్టిన చొక్కా లాంటిదట, దాన్ని ముట్టుకోకూడదట. ఈ మాట చర్చిలో కూడా చెబుతాడు. భార్య నోరీన్ దగ్గరా అదే రకం తుపాకీ ఉంది, వాళ్ళ నాన్నది. లోపల కాస్త వదులు కాబట్టి అది తుపాకీ కాదు, మురుగు గొట్టం అని అతని వెక్కిరింత.

గ్యారేజీలో చలిగా ఉందని గొట్టాలు నొక్కే ప్రెస్సు తెచ్చి వంటింటి బల్లకు బిగించాడు. ఇరవై మెడలూ నొక్కాడు. మందు పొయ్యకముందే ఖాళీ గొట్టాన్ని తుపాకీలో పెట్టి, వెనక గడియలా ఉండే బోల్టు మూసి చూసుకోవడం అలవాటు. మొదటి రెండూ బాగానే పడ్డాయి. మూడోదానికి బోల్టు మూసుకోలేదు. అరచేత్తో ఒక్కటిచ్చాడు. మూసుకుంది, ఇక తెరుచుకోనంది. నోరీన్ పిండి ఒత్తుకునే కర్రతో నాలుగు దెబ్బలు వేస్తే గానీ ఊడిరాలేదు.

"నా గొట్టాల్లో నీవి కలిపిందెవరు?"

"నేనే. బిస్కెట్లకి డబ్బా కావాల్సొచ్చింది, రెండు డబ్బాలవీ ఒకదాంట్లో పోశా. మొత్తం నొక్కి పారెయ్ ఆర్విల్, ఆకలేస్తోంది."

చచ్చినా నొక్కనన్నాడు. ఒక్కొక్కటీ తుపాకీలో పెట్టి, పడ్డవి తనవి, పడనివి వదులు తుపాకీలో ఉబ్బిన ఆమెవి అని రెండు కుప్పలు పోశాడు. ఖర్మ కాకపోతే, పడని కుప్పే పెద్దది. గంట తర్వాత కోపం వచ్చి, సరే మొత్తమే నొక్కుతానని అచ్చు మార్చాడు. కోపంలో గొట్టానికి నూనె రాయడం మరిచిపోయాడు. గొట్టం అచ్చులో బిగుసుకుపోయింది. ప్రెస్సు కాడ పట్టుకుని వేలాడాడు. గొట్టం రాలేదు గానీ బల్ల ఒరిగింది. దాని మీద ఉన్న పాన్‌కేకుల పిండి గిన్నె జారి, సాయంత్రానికని ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించిన చొక్కా మీద బోర్లాపడింది. నోరీన్ గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది.

ఇరుక్కున్న గొట్టాన్ని లాగే పనిముట్టు నోరీన్ తమ్ముడు డ్వేన్ దగ్గర ఉంది. క్లబ్బు కార్యదర్శి కూడా అతనే. ఎలాగూ కొమ్ముల కోసం రావాలి కాబట్టి ఫోను చెయ్యగానే వచ్చాడు. ప్రెస్సునీ, పిండినీ, బావనీ వరసగా చూశాడు.

"మెడ మతం వదిలేశావా బావా?"

ఆ ఒక్క మాట ఆర్విల్ తట్టుకోలేకపోయాడు. తప్పంతా గొట్టాలు కలిపెయ్యడంలోనే ఉంది, తన పద్ధతిలో లేదని రుజువు చెయ్యడానికి ముందు గదిలోంచి గాజు పెట్టె తెచ్చాడు. అందులో ఉన్నది ఆ దుప్పిని పడగొట్టిన తూటా గొట్టం, మంచులోంచి నోరీన్ ఏరి తెచ్చినది, ఏ అచ్చూ తగలనిది. ఆ రోజు తన తుపాకీ ఒక్కటే మోగిందని ఏడాదిగా ఊరంతా చెప్పాడు. కాబట్టి ఇది వెన్నలా జారుతుంది చూడమన్నాడు.

బోల్టు మూసుకోలేదు. తుడిచి పెట్టాడు. ఊది పెట్టాడు. దుమ్మన్నాడు.

"గాజు పెట్టెలో దుమ్మేంటి బావా?" అని డ్వేన్ గొట్టం తీసుకుని, గోడకున్న అక్క తుపాకీలో పెట్టి ఒక్క వేలితో బోల్టు మూశాడు.

"అక్కా, ఆ రోజు నువ్వు కాల్చలేదు కదా?"

"కాల్చలేదని నేనెప్పుడన్నాను? నన్నెవరడిగారు?" అంది నోరీన్, నేల మీద పిండి తుడుస్తూనే.

ఇద్దరూ ఒక్కసారే కాల్చారట. తన మోతలో అతనికి ఆమె మోత వినపడలేదు. ఆమె నోరు తెరిచేలోపే 'కొట్టాను, కొట్టాను' అని కేకలు పెడుతూ వాలులో దిగిపోయాడు. దెబ్బ తగిలింది ఒక్కటే, అదీ కుడివైపు. నోరీన్ కూర్చున్నది ఆ వైపే, ఆర్విల్ ఎడమవైపు. అందుకే చివరి క్షణంలో దుప్పి ఎలా గిర్రున తిరిగిందో అతను ఏడాదిగా అభినయించి చూపిస్తున్నాడు.

"అప్పుడే చెప్పొచ్చుగా," అన్నాడు ఆర్విల్.

"చెబుదామనే వచ్చా. ఈలోపు నువ్వు కత్తి తీశావు. కొట్టినవాళ్ళే పేగులు తీయాలి, కొట్టినవాళ్ళే మోయాలని మా నాన్న పెట్టిన రూలు. ఆ చలిలో, కారు దాకా అంత ఎత్తు ఎక్కాలి. నాకెందుకొచ్చిన పేరులే అనుకున్నా."

డ్వేన్, బావ పేరు చెక్కిన పలకని చేత్తో తిప్పుతూ, మరి ఇప్పుడా పేరు కావాలా అని అక్కని అడిగాడు. నోరీన్ చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది.

"కావాలి. మోయడం ఎటూ అయిపోయిందిగా."

సాయంత్రం కొమ్ములు ఆమె పేరుతోనే ఎక్కాయి. ఆర్విల్ పాత చొక్కాలో వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. అడిగినవాళ్ళందరికీ దుప్పి అసలు తిరగలేదని తనే చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం కొండ మీద నోరీన్ ఇంకో దుప్పిని పడగొట్టింది. ఆర్విల్ తన తుపాకీ ఎత్తనే లేదు. కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కిందనున్న దుప్పినీ, పైనున్న కారునీ చూసి, కత్తి తిరిగి ఇచ్చేసింది.

"బాగా గుర్తు తెచ్చుకో ఆర్విల్, నువ్వే కొట్టావేమో."

క్లబ్బు హాల్లో పొయ్యి పైన ఇంకో జత కొమ్ములకు చోటుంది కాబట్టి, తనే కొట్టినట్టు ఆర్విల్‌కు గుర్తొచ్చింది.