జిమ్మీ పొట్ట కేసు

“ఆనవాలు వదలకుండా నేరం చేసే మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా నరసాపురం వైపు రాడు. ఎందుకంటే ఇక్కడ బుల్లియ్య ఉన్నాడు!”

ఈ మాట అన్నది సాక్షాత్తూ బుల్లియ్యే.

రేవు దగ్గర గోదావరి దాటించే పంటుకి టికెట్లు ఇచ్చే ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే ఆయన డిటెక్టివ్ అయిపోయాడు. మండుటెండలో కూడా రెయిన్‌కోటు విప్పడు. చత్వారం ఉన్నా కళ్ళజోడు పెట్టడు, డిటెక్టివ్‌లకి భూతద్దమే అందమంటాడు. ఇంతవరకూ ఆయన ఛేదించిన కేసు ఒక్కటే. చర్చి దగ్గర ఎవరివో కొత్త చెప్పులు పోయాయి. ఊరంతా గాలించాక అవి ఆయన కాళ్ళకే దొరికాయి.

హరిబాబు తల పట్టుకున్నాడు. పిలవకుండానే వచ్చిన ఈ బాల్య స్నేహితుణ్ణి పొమ్మనలేడు. అవతల వరండాలో పెంపుడు కుక్క జిమ్మీ పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలతో వాలిపోయి ఉంది. తోక ఊపే ఓపిక కూడా లేదు. హరిబాబు భార్య సంపూర్ణమ్మ దాని పక్కన కూర్చుని కొంగుతో విసురుతోంది.

“పశువుల డాక్టరు సారికగారికి ఫోన్ చేశానండీ,” అంది ఆవిడ. “నిన్నటి నుంచి ఏం తిందో కనుక్కుని వెంటనే తీసుకురమ్మన్నారు. తిన్నది తెలిస్తేగానీ సరైన వైద్యం చెయ్యలేమన్నారు. మనింట్లో పెరుగన్నం తప్ప ఏముందండీ? కడుపు చల్లబడుతుందని గిన్నెడు పాలు పట్టాను. అవి కూడా కక్కేసింది.”

“చెల్లెమ్మా, ఇది అజీర్తి కాదు,” బుల్లియ్య గొంతు తగ్గించాడు. “విషప్రయోగం!”

సంపూర్ణమ్మ చేతిలో కొంగు జారిపోయింది.

“ఒరేయ్, సంపూర్ణని హడలగొట్టకు. ఆటో పిలుస్తాను,” అన్నాడు హరిబాబు.

“ఆగు. ముందు ఆధారాలు.” బుల్లియ్య వంగి జిమ్మీని ముక్కు నుంచి తోక దాకా భూతద్దంలో చూశాడు. మెడపట్టీకి ఏదో అంటుకుని ఉంది. రెండు వేళ్ళతో ఒడిసిపట్టి వెలుగులో పెట్టాడు. తెల్లగా, ఉల్లిపొరలా పల్చగా ఉన్న ముక్క.

“కాగితం! మామూలు కాగితం కాదు. విదేశీ సరుకు. విషాన్ని ఇందులోనే పొట్లం కట్టారు!”

హరిబాబు ఆ ముక్కను చూశాడు.

అది కాగితం కాదు. పూతరేకు.

ఆయనకి షుగరు. ఇంట్లో తీపి వాసన కూడా రానివ్వదు సంపూర్ణమ్మ. అందుకే మొన్న అందిన డబ్బాను ఆవిడ ఎన్నడూ తొంగిచూడని చోట దాచాడు. మేడమెట్ల కింద, జిమ్మీ పడుకునే గోనెసంచి వెనక. రెండు తిని మిగిలినవి దాచుకున్నాడు. జిమ్మీ ఆ మిగిలినవాటి లెక్క తేల్చినట్టుంది.

చెబుదామని నోరు తెరిచాడు. భార్య మొహం చూశాడు. నోరు దానంతటదే మూతపడింది.

“చెల్లెమ్మా, నీకు శత్రువులెవరు?” అంటున్నాడు బుల్లియ్య.

“నాకెవరుంటారండీ?”

“నిన్న ఈ కుక్కనెవరైనా తిట్టారా?”

సంపూర్ణమ్మ తటపటాయించింది. “పక్కింటి తబిత ఆరేసుకున్న లేసు ముక్కని జిమ్మీ లాక్కొచ్చేసింది. ‘నీ పొట్ట పగల’ అని తబిత కేకలేసింది. ఊరికే, కోపంలో...”

“పొట్ట పగల! పొట్టే అంది చూశావా? కాలు విరగ అనలేదు, తోక తెగ అనలేదు!”

సరిగ్గా అప్పుడే తబిత పిట్టగోడ మీంచి తొంగిచూసింది. ఒక చేతిలో లేసు, ఇంకో చేతిలో అల్లికసూది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఏళ్ళ తరబడి అదే గోడకి చెరోవైపు కూర్చుని లేసు అల్లుతున్నారు. టేబుల్‌క్లాత్ సగం ఈవిడ అల్లితే సగం ఆవిడ అల్లుతుంది.

“అక్కా, జిమ్మీకెలా ఉంది?”

“అమ్మా తబితా,” బుల్లియ్య రెయిన్‌కోటు సర్దుకున్నాడు. “విషం ఎక్కడ కొన్నావు?”

“ఏంటండీ?”

“నటన అనవసరం. పొట్లం కాగితం దొరికింది.”

తబిత ఆయన్ని పట్టించుకోలేదు. స్నేహితురాలి వైపే చూసింది. “అక్కా, నువ్వూ నమ్మావా?”

సంపూర్ణమ్మ నమ్మలేదు. అలాగని లేదనీ అనలేదు. జిమ్మీ మళ్ళీ డోకుతుంటే దాని తల పట్టుకుని ఉండిపోయింది.

తబిత సగం అల్లిన టేబుల్‌క్లాత్ గోడ మీద పెట్టింది. “మిగతాది నువ్వే అల్లుకో అక్కా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

హరిబాబు గోడ మీది టేబుల్‌క్లాత్‌ను చూశాడు. ఇక చాలనుకున్నాడు.

“ఒరేయ్ బుల్లియ్యా, అసలు సంగతి నే చెబుతాను.”

“ష్! గోడలకి చెవులుంటాయి.”

“అది కాగితం కాదురా!”

“అవును, కాగితం కాదు. సాక్ష్యం!”

“తప్పు చేసింది నేనురా బాబూ!”

బుల్లియ్య జాలిగా ఆయన భుజం తట్టాడు. “చూశావా చెల్లెమ్మా? కుక్క మీద మమకారంతో మతి చలించింది. ఇలాంటివాళ్ళు ప్రతి కేసులోనూ ఒకరుంటారు. చెయ్యని నేరం నెత్తిన వేసుకుంటారు.”

“కాదు సంపూర్ణా, మెట్ల కింద...”

“మెట్ల కింద!” బుల్లియ్య ఎగిరాడు. “అదే అనుకున్నాను. నేరం జరిగిన తీరు మళ్ళీ నడిపించి చూపిస్తాను. ఇప్పుడు నేనే జిమ్మీని!”

వద్దంటున్నా వినకుండా మోకాళ్ళ మీద వంగి, మెట్ల కిందికి దూరాడు. కాసేపు రెయిన్‌కోటు వెనకభాగం మాత్రమే కనిపించింది. “నేను జిమ్మీని... పడుకున్నాను... గోడవైపు నుంచి విషం వచ్చింది... అబ్బా, చీమలు! లాగండ్రా నన్ను!”

హరిబాబు కాళ్ళు పట్టుకుని ఈడ్చాడు. బుల్లియ్య బయటపడ్డాడు. రెయిన్‌కోటు జేబుకి తగులుకుని అట్టడబ్బా కూడా బయటపడింది. నిండా పంటిగాట్లు. లోపల చీమలు తప్ప ఏమీ లేవు.

“దొరికింది!” చీమలు దులుపుకుంటూనే బుల్లియ్య డబ్బాను పైకెత్తాడు. కళ్ళు చికిలించి, భూతద్దం పెట్టి కూడబలుక్కున్నాడు. “ఆ... త్రే... య... పురం! హంతకుడు ఊరు పేరు కూడా వదిలేశాడు చెల్లెమ్మా! ఇక ఒక్కటే ప్రశ్న. ఈ వారంలో ఆత్రేయపురం వెళ్ళొచ్చింది ఎవరు?”



“నువ్వేరా,” అన్నాడు హరిబాబు. “నాకు తెచ్చిచ్చింది కూడా నువ్వే. అక్కడ దాచింది నేను.”

బుల్లియ్య చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

సంపూర్ణమ్మ భర్తను చూసిన చూపు గురించి రాయకపోవడమే మంచిది. ఫోనందుకుంది.

“పూతరేకులు తిందండీ డాక్టరుగారూ. డబ్బాడు.”

“డ్రైఫ్రూట్ రకమా? కిస్‌మిస్ ఉందా?” సారిక గొంతు స్పీకర్లో మారింది.

“ఉందండీ,” బుల్లియ్య ఇంకా డిటెక్టివ్ గొంతుతోనే అన్నాడు. “కిస్‌మిస్ దట్టంగా ఉన్నవే ఏరి తెచ్చాను.”

“కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఇంకేమీ పట్టకండి. పాలు అసలొద్దు. ఈ క్షణం బయల్దేరండి!”

సంపూర్ణమ్మ గోడ దగ్గరికి పరుగెత్తింది. “తబితా! నాది తప్పేనే. తిట్టుకోవడం తర్వాత. ఆటో...”

వీధిలో హారన్ మోగింది. ఆటో అప్పటికే గుమ్మం ముందుంది. తబిత అందులో కూర్చుని, ఒళ్ళో దుప్పటి పరిచి ఉంచింది.

“నీ మీద కోపమక్కా,” అంది. “జిమ్మీ మీద కాదు. ఎక్కు.”

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. వాంతులు ఆగడానికి ఇంజక్షన్ ఇచ్చారు. రక్తం తీసి కిడ్నీలు చూశారు. పరీక్షలన్నీ తేలేదాకా జిమ్మీ అక్కడే ఉంది. దాని తల ఒకసారి సంపూర్ణమ్మ ఒళ్ళో, ఒకసారి తబిత ఒళ్ళో. ఆఖరికి డాక్టరు నవ్వి, గండం గడిచిందంది. కొద్దికొద్దిగా నీళ్ళు, ఆ తర్వాత ఉప్పూకారం లేని మెత్తటి అన్నం, అదీ కొంచెం కొంచెంగా, కడుపు కుదుటపడేదాకా అంతేనంది.

ఇంటికొచ్చిన రోజు గోడ మీద టేబుల్‌క్లాత్ మళ్ళీ రెండువైపులా పెరుగుతోంది. సంపూర్ణమ్మ సూది పక్కన పెట్టి, వరండాలో మూడు గిన్నెలు వరసగా పెట్టింది. మూడింట్లోనూ ఉప్పు లేని మెత్తటన్నమే.

“ఒకటి జిమ్మీకి,” అంది. “ఒకటి దాచిన ముద్దాయికి. ఒకటి తెచ్చిన ముద్దాయికి. కడుపు కుదుటపడేదాకా తినాలి.”

“మా కడుపులు బాగానే ఉన్నాయి కదమ్మా?” బుల్లియ్య నీళ్ళు నమిలాడు.

“ఎవరి కడుపనుకున్నారు? నా కడుపు మంట చల్లారాలి.”

గోడవతల తబిత పకపకా నవ్వింది. జిమ్మీ గిన్నె నాకేసి, తోక ఊపుతూ ముద్దాయిల గిన్నెల వైపు చూసింది.

బుల్లియ్య అటూ ఇటూ చూసి, రెయిన్‌కోటు కాలరు పైకెత్తి, స్నేహితుడి చెవిలో గొణిగాడు.

“ఒరేయ్ హరీ, నిజం చెప్పనా? మొదట్నుంచీ నాకు నా మీదే అనుమానం!”