లోహాల ప్రదర్శనలో నాలుగు కోడిపిల్లలు

ఆ శుక్రవారం పొద్దున ఉబుకతా వేసుకున్న పథకం చాలా సులువైనది. పదింటికి పురపాలక విజ్ఞాన మందిరంలో లోహాల ప్రదర్శన మొదలవ్వాలి. టోక్యో నుంచి వస్తున్న లోహశాస్త్రవేత్త డాక్టర్ హోన్మా చేత రిబ్బను కత్తిరింపించి, హాలంతా తిప్పి చూపించాలి. తర్వాత ఊళ్ళో పేరున్న కొట్లో కొవ్వు తేలుతుండే వేడివేడి నూడుల్స్ తినిపించి, మధ్యాహ్నం రైలెక్కించాలి. త్సుబామే ఊరు చెంచాలకూ ఫోర్కులకూ పెట్టింది పేరు. సగం ఊరు లోహాన్ని సాగగొడుతుంది, మిగతా సగం దానికి మెరుగు పెడుతుంది. అలాంటి ఊళ్ళో లోహాల ప్రదర్శనను పాడుచెయ్యడం ఎవరి తరమూ కాదని, దాని బాధ్యత నెత్తినేసుకున్న పురపాలక ఉద్యోగి ఉబుకతా ధీమా.

ఆయన బూట్లు తొడుక్కుంటుంటే కూతురు చినత్సు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాలుగో తరగతి పిల్ల. చేతిలో కోడిగుడ్డంత ప్లాస్టిక్ బొమ్మ. దానికి గోరంత తెర, తెర కింద మూడు మీటలు, తెరలో ఒక కోడిపిల్ల. పంతొమ్మిదివందల తొంభై ఏడో సంవత్సరం అది. జపాన్‌లో ఆ బొమ్మ కావాలని ఏడవని పిల్ల లేదు. వేళకి మేత పెట్టాలి, రెట్ట తియ్యాలి, ఆడించాలి. ఆలస్యమైతే కూస్తుంది. మరీ ఆలస్యమైతే చచ్చిపోతుంది.

"నాన్నా, బడికి తెస్తే లాగేసుకుంటానన్నారు టీచరు. ఫ్యాక్టరీలో అమ్మ చేతులనిండా నూనె. నువ్వే చూసుకోవాలి."

"ఇవాళ నాకు పెద్ద పనుంది తల్లీ."

"పోయిన నెల కూడా అదే అన్నావ్. సాయంత్రం చూస్తే తెరమీద సమాధి ఉంది."

ఆ సమాధి వెలిశాక చినత్సు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. పక్కనే కూర్చుని, "సోయా సాస్ ఇటివ్వమని నాన్నతో చెప్పమ్మా" అనేది.

"సరే, ఇలా ఇవ్వు. ప్రాణం పెట్టి చూసుకుంటాను."

"ప్రాణం అక్కర్లేదు, అన్నం పెట్టు చాలు. మిఠాయి మాత్రం పెట్టకు. ఎక్కువైతే జబ్బు చేస్తుంది. పుర్రె గుర్తు కనిపిస్తే సూదిమందు వెయ్యాలి, రెండుసార్లు. దీని పేరు మమెకో."

బయటికొస్తే గేటు దగ్గర ముగ్గురాడపిల్లలు వరసగా నిలబడి నడుం వంచి నమస్కారం చేశారు. ముగ్గురి చేతుల్లోనూ తలో బొమ్మ.

"వీళ్ళ నాన్నలు కుదరదన్నారు. మా నాన్న ఒప్పుకుంటారని నేను చెప్పేశాను" అంది చినత్సు.

'మా నాన్న' అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో పలికిన గర్వం విన్నాక ఉబుకతాకి కాదనే ధైర్యం లేకపోయింది. మమెకోతో పాటు ఇంకొకటి కోటు కుడిజేబులోకి, మిగతా రెండూ ఎడమజేబులోకి చేరాయి.

డాక్టర్ హోన్మా అరవై దాటిన మనిషి. పలకలా నిటారుగా ఉంటుంది. నవ్వు ముఖం కాదు. భుజాన వేలాడుతున్న తోలుసంచి మోస్తానని ఉబుకతా చెయ్యి చాస్తే, "వద్దు" అని రెండో భుజానికి మార్చుకుంది. రిబ్బను కత్తిరించడం సలక్షణంగా జరిగింది. ఆమె వెనక ఉబుకతా, ఆయన వెనక మైకు పట్టుకుని సహాయకురాలు కొగురే, ఆ పక్కనే చెంచాల తయారీదార్ల సంఘం అధ్యక్షుడు మారుకవా, వాళ్ళ వెనక సగం ఊరు. మారుకవాకి ఎనభై ఏళ్ళు. హాలు నడిమధ్య అద్దాల పెట్టెలో ఉన్న వెండి కెటిల్ వాళ్ళ తాత సుత్తితో కొట్టి చేసింది. ఆ పెట్టె మీద ఈగ వాలినా ఆయన ఊరుకోడు.

మొదట ఆకాశం నుంచి రాలిపడిన ఉల్క. ఇనుమూ నికెలూ కలిసిన ముద్ద. డాక్టర్ హోన్మా దాని మీదికి వంగింది. అంతా ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడే వినిపించింది.

పీ-పీ-పీ!

"ఏమిటా చప్పుడు?" అంటూ డాక్టర్ హోన్మా చటుక్కున తలెత్తి నేరుగా ఉబుకతా కళ్ళలోకి చూసింది.

ఉబుకతా రెండు జేబుల మీదా రెండు చేతులూ అదిమిపెట్టాడు. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకుండా ఉండడానికి ఆమె చూపు ఒప్పుకునేలా లేదు. "అదా... అది లోహాలని పరీక్షించే యంత్రం డాక్టరుగారూ. ఈ ప్రదర్శన కోసమే తెప్పించాం. మేలిరకం లోహం దగ్గరికెళ్తే కూస్తుంది."

ఆమె ఏ పేరు, ఏ తయారీ అని అడుగుతుందేమోనని ఆయన భయపడ్డాడు. ఆమె అడగలేదు. "చప్పుడు స్పష్టంగా ఉంది" అని మాత్రం అని ముందుకి నడిచింది.

పై అధికారి మాటని కొగురే ఎన్నడూ అనుమానించి ఎరగదు. మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "సందర్శకులకు మనవి! ఉబుకతా గారి దగ్గర మేలిరకం లోహాలను కనిపెట్టే కొత్త యంత్రం ఉంది!"

జనంలో కలకలం పుట్టింది. అరచేతిలో పెట్టుకుంటే కరిగిపోయే గాలియం దగ్గరికీ, వంచితే కిర్రుమని ఏడ్చే తగరం దగ్గరికీ, వేడినీళ్ళలో ముంచితే పాత రూపానికి వచ్చేసే తీగ దగ్గరికీ అందరూ వచ్చారు గానీ ఎవరూ వాటివైపు చూడలేదు. అందరి కళ్ళూ ఉబుకతా జేబుల మీదే. యంత్రం మాత్రం మళ్ళీ కూయలేదు. అలా అలా వెండి కెటిల్ దగ్గరికి చేరారు. అక్కడా నిశ్శబ్దమే.

మారుకవా కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత కర్రతో నేలమీద టకటకా కొట్టాడు. "ఏమయ్యా ఉబుకతా, దీని గొంతు పడిపోయిందా?"

"అంటే, పెద్దాయనా... ఒక్కోసారి..."

"ఆకాశం నుంచి ఊడిపడ్డ బండరాయికి కూసింది. మా తాత వెండికి కూయదా? ఊరందరి ముందూ మా వెండి దొంగవెండి అంటావా?"

"అయ్యయ్యో, అలా అనలేదండీ! యంత్రం వేడెక్కింది. ఒక్క క్షణంలో చల్లార్చి తెస్తాను" అని ఉబుకతా మరుగుదొడ్డికి పరుగెత్తాడు.

తలుపు గడియపెట్టి నాలుగు బొమ్మలూ బయటికి తీశాడు. నాలుగు కోడిపిల్లలూ హాయిగా ఉన్నాయి. ఒక్కదానికీ ఆకలి లేదు, రెట్ట లేదు, అలక లేదు. 'మరి కూసిందేమిటి?' అని తల గోక్కున్నాడు. ఏమీ అర్థం కాక ఒక మీట నొక్కాడు. పీ! రెండోది నొక్కితే మళ్ళీ పీ! మమెకో రెక్కలాడిస్తూ గెంతింది. ఉబుకతాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కూతకోసం ఎదురుచూడటమెందుకు, జేబులో చెయ్యి పెట్టి నొక్కితే సరి!

తిరిగొచ్చి కెటిల్ ముందు నిలబడి, దేవుడికి దణ్ణం పెట్టినంత గంభీరంగా కళ్ళు మూసుకుని నొక్కాడు. పీ, పీ, పీ, పీ! హాలంతా చప్పట్లు. మారుకవా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "విన్నారా? నాలుగుసార్లు! ఉల్కకి మూడే!"

ఆ మాట గుమ్మం దాటి వీధిలో పడింది. పావుగంట తిరిగేసరికి విజ్ఞాన మందిరం ముందు వరస కట్టారు. ఉంగరాలు, తలపిన్నులు, తాతల గడియారాలు, పెళ్ళినాటి వెండి చెంచాలు. ఒక ముసలమ్మ ఏమీ తేకుండా వచ్చి, ఉబుకతా ముందు నోరు తెరిచి బంగారు పన్ను చూపించింది. పీ! "నాకు తెలుసు! ఆ పళ్ళ డాక్టరు అలాంటివాడు కాదు!" అని ఎగిరినంత పని చేసింది. ఆమె వెనక చేపల కొట్టు ఆవిడ ఉంగరం చాపింది. ఆవిడ భుజం వెనకనుంచి ఆవిడ మొగుడు, ముఖమంతా చెమటతో, ఉబుకతా చెవిలో గొణిగాడు. "కూయించండి బాబూ. నా కాపురం మీ చేతిలో ఉంది."

ఉబుకతా ఆ ఉంగరానికి మూడు కూతలు కూయించాడు.

స్థానిక టీవీ వాళ్ళు కూడా దిగారు. కెమెరా పట్టుకున్న మనిషి డాక్టర్ హోన్మాని అడిగాడు. "ఇలాంటి యంత్రం టోక్యోలో ఉందాండీ?"

"నేనైతే నా జీవితంలో ఇలాంటిది చూడలేదు" అంది ఆమె, ముఖంలో రేఖ కదలకుండా.

ఉబుకతాకి ఒళ్ళు గాలిలో తేలుతున్నట్టుంది. పాతికేళ్ళ ఉద్యోగంలో తనకోసం జనం వరస కట్టడం అదే మొదటిసారి. ఒకరి తర్వాత ఒకరు, ఒక కూత తర్వాత ఒక కూత. ఇంతలో కుడిజేబులో ఒకటి, ఆయన నొక్కకుండానే, గొంతు జీరపోయినట్టు అదేపనిగా కూయసాగింది. జేబు అంచు కాస్త ఎడంచేసి లోపలికి చూశాడు.

మమెకో బియ్యప్పిండి ఉండలా బలిసిపోయి ఉంది. దాని తలపక్కన చిన్న పుర్రె.

అప్పుడర్థమైంది. గుడ్డిగా నొక్కిన ప్రతి నొక్కుకీ మమెకో నోట్లో ఒక మిఠాయి పడింది. ఉల్క తర్వాత ఊరి వెండి బంగారాలన్నింటినీ పరీక్షించింది ఆ కోడిపిల్ల కడుపే.

"ఏమాగిపోయావ్? నా గడియారం చూడవయ్యా" అన్నాడు వరసలో ముందున్నాయన.

ఉబుకతా చుట్టూ చూశాడు. ఎదురుగా కెమెరా. పక్కన పురపాలక సంఘం పరువు. జేబులో చావుకి దగ్గరైన కోడిపిల్ల. సాయంత్రం ఇంట్లో సోయా సాస్ మళ్ళీ వాళ్ళమ్మ ద్వారా అడిగే కూతురు. జేబులోంచి బొమ్మ బయటికి తీసేశాడు.

"క్షమించండి! ఇది యంత్రం కాదు. మా అమ్మాయి కోడిపిల్ల. దీనికి ప్రాణం మీదికొచ్చింది. నన్ను తర్వాత తిట్టండి, ముందు సూదెక్కడుందో ఎవరైనా చెప్పండి!"

ముందు తేరుకున్నది చేపల కొట్టు ఆవిడే. "ఎడమ మీట నొక్కండి! సూది బొమ్మ వచ్చేదాకా! ఇప్పుడు మధ్యది!" ఉబుకతా చేతులు వణుకుతున్నాయి. మొదటి సూది పడింది. పుర్రె కదల్లేదు. "ఇంకోటి! ఇంకోటి వెయ్యండి!" అని బంగారు పన్ను ముసలమ్మ గొంతు చించుకుంది. వరసలు చెదిరిపోయి అందరూ మీదపడి గోరంత తెరలోకి తొంగి చూస్తున్నారు. రెండో సూది. పుర్రె మాయమైంది. మమెకో ఒక్క గెంతు గెంతింది.

ఉల్కకి గానీ వెండికి గానీ పడనన్ని చప్పట్లు అప్పుడు పడ్డాయి.

అవి సద్దుమణిగాక మారుకవా నెమ్మదిగా ముందుకొచ్చాడు. "అయితే మా కెటిల్ దగ్గర కూసింది..."

"మిఠాయి తిని కూసింది పెద్దాయనా" అన్నాడు ఉబుకతా తల వంచుకుని.

చేపల కొట్టు ఆవిడ కూడా ఉంగరం వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది. ఆయన గుమ్మం వైపు చూశాడు. హాల్లో గుసగుసలు లేచాయి. అవి అరుపులుగా మారబోతున్న ఆ క్షణంలో...

పీ-పీ-పీ!

ఉబుకతా చేతిలోని బొమ్మ కూయలేదు. మిగతా మూడింటినీ గబగబా బయటికి తీశాడు. అవీ కూయలేదు. అందరి తలలూ ఒక్కసారే డాక్టర్ హోన్మా తోలుసంచి వైపు తిరిగాయి.

ఆవిడ కాసేపు పైకప్పు వైపు చూసింది. తర్వాత సంచి తెరిచి, గులాబీరంగు బొమ్మ తీసి, అలవాటైన వేలితో అన్నం ముద్ద పెట్టింది.

"మా మనవరాలిది. ఉల్క దగ్గర కూసింది కూడా ఇదే" అంది.

"మరి... ఏమిటా చప్పుడని నన్నెందుకడిగారు?" అన్నాడు ఉబుకతా నోరెళ్ళబెట్టి.

"నేను అడక్కపోతే నన్నడిగేవాళ్ళు. మీరు దాన్ని యంత్రమన్నారు. అంత చక్కటి మాట నాకు తట్టలేదు." ఆమె మారుకవా వైపు తిరిగి అద్దాల పెట్టె తెరిపించింది. కెటిల్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, గోటితో మీటి, ఆ నాదం ఆగేదాకా చెవి ఒగ్గి విన్నది. "ఇది మంచి వెండి. దీనికి ఏ కోడిపిల్ల సాక్ష్యమూ అక్కర్లేదు."

మారుకవా కళ్ళద్దాలు మళ్ళీ తీయాల్సివచ్చింది. ఈసారి తుడుచుకుంటూ నవ్వాడు. ముసలాయన నవ్వాక ఇక ఊళ్ళో కోపగించుకునే హక్కు ఎవరికీ లేకపోయింది. చేపల కొట్టు ఆవిడ మాత్రం ఉంగరం డాక్టర్‌గారి చేతికివ్వబోతే, డాక్టర్ హోన్మా ఆ మొగుడి ముఖం చూసి, "నా గోటికి ఇవాళ్టికి ఒక్క పరీక్షే" అంది. మధ్యాహ్నం రైలు తప్పిపోయింది. ఆమె పట్టించుకోలేదు. నూడుల్స్ రెండు గిన్నెలు తిన్నది.

సాయంత్రం వార్తల్లో అంతా వచ్చింది. చినత్సు మమెకోని తీసుకుని తెరమీద దాని బరువు చూసింది.

"మిఠాయి వద్దన్నానా?"

"అన్నావ్."

"మామూలు బరువుకి రెండింతలుంది." మీట నొక్కి మమెకో రెట్ట తీసింది. తర్వాత, "టీవీలో అందరి ముందూ సూదేశావు కదా. నీ చేతులు వణకడం మా క్లాసు మొత్తం చూసుంటుంది" అని, బొమ్మని తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "రేపు ఆడించి సన్నబడేలా చెయ్యి. నీకు నేర్పిస్తాను."

ఆదివారం విజ్ఞాన మందిరం తలుపులు తెరిచేసరికి పిల్లలు వీధి మలుపుదాకా ఉన్నారు. లోపల బొమ్మలకి నిషేధం లేదని కొగురే మైకులో ప్రకటించడమే ఆలస్యం, ఊళ్ళోనే ఆగిపోయిన డాక్టర్ హోన్మా చుట్టూ మూగారు. ప్రతి పిల్లా తన కోడిపిల్ల తెరని అద్దానికి ఆనించి, "చూశావా, ఇది టైటానియం", "ఇది తగరం, దీన్ని వంచితే ఏడుస్తుంది, నువ్వేడవకు" అని చెప్పుకుంటూ ఒక్క పెట్టె కూడా వదలకుండా తిరిగింది. తమ కోడిపిల్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తాము చదవాలి. కాబట్టి గోడలమీది అక్షరమక్షరమూ చదివారు.

ఆ ప్రదర్శనకు వచ్చినంతమంది సందర్శకులు ఆ మందిరం చరిత్రలోనే రాలేదని పై కార్యాలయం ఉబుకతాకి ప్రశంసాపత్రం ఇచ్చింది. లెక్కలో కోడిపిల్లల్ని కూడా కలిపిన సంగతి వాళ్ళూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.