ఒంటి తుమ్ము

"ఫోను రిసీవర్ని తీసుకెళ్లి ఆ పెట్టెలో బోర్లా పడుకోబెట్టావు. అవతల మీ నాన్న మంచు మీద ఉన్నాడు. ఆ మంచు తుమ్మితే ఊడే ముక్కు లాంటిది. అది పగిలి ఆయన మునిగితే, ఆ కబురు చెప్పేవాళ్లకి మన ఫోను దొరకద్దుటే?"

ఎఫీ క్రోంబీ కూతురితో ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. అది శనివారం ఉదయం. ఆమె భర్త లాక్లన్ ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, గడ్డకట్టిన సిమ్కో సరస్సు మీద ఉన్న తన చెక్క గుడిసెకు చేపలు పట్టడానికి వెళ్లాడు. చలికాలంలో ఆ ఊరి మగవాళ్లందరికీ అదే పని. లోపల మంచుకు ఒక కన్నం, కన్నంలోకి గాలం, చేతిలో టీ. ఎఫీ మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ప్రతి శనివారం ఆయన్ని మనసులో ముంచేసి, సాయంత్రం బూట్ల చప్పుడు విన్నాకే తేల్చుకునేది. ముందే చెడు అనుకుని పెట్టుకుంటే, అది తప్పినా లాభమే కదా అని ఆమె లెక్క.

కూతురు మోరాగ్ టొరంటోలో ఓ కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తోంది. టైపు మిషను లాంటి యంత్రాన్నొకదాన్ని అమ్మావాళ్లింటికి తెచ్చుకుంది. ఫోను రిసీవర్ని దాని రబ్బరు గిన్నెల్లో కూర్చోబెడితే, ఇక్కడ కొట్టిన అక్షరం ఈలగా మారి టొరంటో కంప్యూటరుకు చేరుతుంది. జవాబు మళ్లీ ఈలగా వచ్చి ఇక్కడి కాగితం మీద టకటకా పడుతుంది.

"పావుగంట ఓపిక పట్టమ్మా. గుడిసెల సంఘం వాళ్లు కొలిచిన మంచు మందం అంతా ఎక్కించాను. దాన్ని బొమ్మ గీయించి చూపిస్తా. చుక్కలు పైకి పోతుంటే మంచు గట్టిపడుతున్నట్టు. అది చూశాకైనా నాన్నని బతకనిస్తావా?"

"అన్ని అంకెలూ ఒక్కొక్కటే కొడతావుటే?"

"అక్కర్లేదు. ఈ కంప్యూటరు భాషలో అంకెల వరుస మొత్తానికీ ఒకటే పేరు. పేరు ముందు ఒక గుర్తు వేస్తే చాలు, కవాతులో సిపాయిల్లా అన్నీ ఒకేసారి కదులుతాయి. లెక్క మాత్రం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది."

"తిన్నగా నడిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారా?"

మోరాగ్ నవ్వి మీటల మీదికి వంగింది. ఎఫీ దుప్పట్లు మడత పెట్టడానికి మేడ మీదికి వెళ్లింది. అక్కడ మంచం పక్కన అదే లైనుకి ఇంకో ఫోను ఉంది. అసలు లైనుకి ప్రాణం ఉందో లేదో ఒక్కసారి చూస్తే తప్పేముంది? రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల ఎవరో ఆపకుండా ఈల వేస్తున్నారు. అంతలో ఉన్ని దుప్పటి నూగు ముక్కులోకి పోయి, రిసీవర్లోకే గట్టిగా తుమ్మింది. వెంటనే ముక్కు గట్టిగా నొక్కి పట్టుకుని, రిసీవర్ని చప్పుడు కాకుండా పెట్టేసింది.

కిందికి వచ్చేసరికి మోరాగ్ కాగితం వైపు వింతగా చూస్తోంది. చిన్న చిన్న చుక్కలు ఎడమ నుంచి కుడికి మెట్లు దిగినట్టు దిగిపోతున్నాయి.

"నేను కొట్టిన వరుస సరిగ్గానే ఉంది. బొమ్మ ఇలా ఎందుకొచ్చింది? ఉండు, మళ్లీ..."

మళ్లీ అనేదాకా ఎఫీ ఆగలేదు. గిన్నెల్లోంచి రిసీవర్ని పీకి ఫైర్ స్టేషన్‌కి ఫోను చేసింది. అదే చేత్తో చర్చికి చేసి, "దుప్పట్లు పంపండి, లాక్లన్ చల్లబడి ఉంటాడు" అంది. చల్లబడ్డాడన్న మాట చర్చి వంటగది చేరేసరికి దానికి ఒకే అర్థం మిగిలింది. ఆడవాళ్లు చావింటికి పంపే గుడ్డు శాండ్‌విచ్‌లూ తియ్యటి బటర్ టార్టులూ సర్దారు. పాస్టరుగారు నల్లకోటు వేసుకున్నారు.

సరస్సు వైపు కారు నడుపుతూనే మోరాగ్ ఆ కాగితాన్ని వదల్లేదు.

"అమ్మా, అంచున ఉన్న ఈ అంకెలు చూడు. ప్రతిదాని నెత్తి మీదా చిన్న అడ్డగీత. అంటే సున్నా కన్నా తక్కువ. మంచు పలచబడుతుంది గానీ, సున్నా కన్నా తక్కువెలా అవుతుంది? వరుస పేరు ముందు ఒక అడ్డగీత పడి మొత్తాన్నీ తలకిందులు చేసింది. అది నేను కొట్టలేదు. ఫోను తీగలో ఏదో చప్పుడే గీతగా దూరింది. నువ్వు మేడ మీద ఫోను ఎత్తావా?"

"ఎత్తలేదు. ఊరికే చెవి దగ్గర పెట్టుకున్నా."

"అందులో ఏమన్నావు?"

ఎఫీ కిటికీ వైపు తిరిగింది.

వాళ్లు వెళ్లేసరికి ఫైర్ చీఫ్ బడ్ ట్రెలోర్, మంచు పలచబడిందని విని, ఆ పలచని మంచు మీదికే ఫైరింజన్ ఎక్కించి గుడిసె ముందు నిలబెట్టాడు. అది రాయి మీద నిలబడినట్టు నిలబడింది. వెనకాలే శాండ్‌విచ్‌లు, వాటి వెనకాల పాస్టరుగారు.

"లాక్లన్! పలుకయ్యా!" అని బడ్ తలుపు బాదాడు. జవాబు లేదు. సైరన్ మోగించాడు. జవాబు లేదు.

ఇన్ని శనివారాలు ముంచిన మనిషి నిజంగానే మునిగిపోతే, ఇక తేల్చుకోవడం ఎలాగో ఎఫీకి తెలియదు. "లాక్లన్" అందామని నోరు తెరిచింది. చలిగాలి ముక్కుకు తగిలింది. పెద్దగా తుమ్మింది.

"దేవుడు చల్లగా చూడాలి" అన్నారు పాస్టరుగారు, అలవాటు కొద్దీ.

తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఎఫీ! నువ్వేనా? చేప గాలం దాకా వచ్చిందని ఊపిరి బిగబట్టుకుని కూచున్నానే! సైరన్‌కి బెదరని చేప నీ తుమ్ముకి పోయింది!"

ఎఫీ వెళ్లి ఆయన కోటు కాలర్ని రెండు చేతులా పట్టుకుంది. తడి లేదు. ఇంకోసారి తడిమి చూసుకుంది.

మోరాగ్ కాగితం వంక చూసింది, తల్లి ముక్కు వంక చూసింది, నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టింది.

"అడ్డగీత ఎక్కడిదో తెలిసింది. అమ్మా, ఆ భాషలో పక్కపక్కన రెండు గీతలు పడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంకో గీత పడుంటే బొమ్మ పైకే వెళ్లేది, ఇంతమందీ ఇళ్లలో ఉండేవాళ్లు. నిజం చెప్పు, ఫోనులో ఎన్నిసార్లు తుమ్మావు?"

అందరూ ఎఫీ వైపు తిరిగారు. బడ్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. పాస్టరుగారు టార్టు నమలడం ఆపారు. కన్నంలో నీళ్లు గుడగుడమన్నాయి.

"ఒకటే," అంది ఎఫీ చివరికి. "రెండోది, మర్యాద కాదని ఆపుకున్నాను."